సంఘం పనుల్లో పడి సొంత ప్రార్థన పలచబడితే?

కావలి_సిస్టర్:
అందరికీ వందనాలు. ఆదివారం సండే స్కూల్, ఆ వెంటనే క్వయిర్ (సంఘం పాటల బృందం). బుధవారం గృహ కూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం పాటల ప్రాక్టీసు. ఏదీ ఎగ్గొట్టడం లేదు. కానీ బైబిలు తెరిస్తే పిల్లలకు ఏం చెప్పాలా అనే వెతుకులాటే. పాడేటప్పుడు ధ్యాసంతా కీబోర్డు స్కేలు మీద. పనులు మానుకోవాలా, వేరే దారుందా?

గూడూరు_టీచర్:
చెల్లెమ్మా, అన్నీ ఒక్కసారే మానుకోబాకండి. ముందు రెండు చదువులూ విడదీయండి. పాఠం కోసం చదివేది సాయంత్రం, నోట్సుతో. మీకోసం చదివేది పొద్దున, ఫోను ముట్టకముందు, ఇరవై నిమిషాలు. దగ్గర పెన్ను ఉండకూడదు, ఉంటే చెయ్యి ఊరుకోదు, పాయింట్లు రాస్తుంది. పిల్లలకు ఆదికాండం నడుస్తుంటే మీరు కీర్తనలు తీయండి, రోజుకు ఒక్కటి. 119వ కీర్తన 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 రోజులు వస్తుంది.

చదివాక ఒక్క వచనం పట్టుకుని పైకి వినపడేలా ప్రార్థించండి. "మమ్మల్ని, మా సంఘాన్ని" వద్దు. "నన్ను, నా కోపాన్ని" అనండి. కూటాల్లో అందరి తరఫునా ప్రార్థించే వాళ్లకి ఇది మొదట్లో నోటికి రాదు. రెండు వాక్యాలకే ఆగిపోయినా సరే, కూటంలో వాడే మాటలతో మటుకు నింపబాకండి. యూట్యూబ్ ప్రసంగం దీనికి బదులు కాదు.

పాట సంగతంటారా, ప్రాక్టీసుకు ముందు సాహిత్యాన్ని రాగం లేకుండా రెండుసార్లు చదవండి. స్కేలు, ఎవరెక్కడ అందుకోవాలో శనివారమే కాగితం మీద తేలిపోవాలి.

సింగరాయకొండ_క్వయిర్:
బల్ల ఆదివారం (ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు) గురించి ఒక మాట. చాలా సంఘాల్లో క్వయిర్‌కి చివర్న, పాట మధ్యలో హడావిడిగా అందిస్తారు. పాస్టరు గారితో ముందే మాట్లాడి, మీకు మొదటే ఇమ్మనండి, లేదా ఆ పది నిమిషాలు పాట ఆపమనండి. 1 కొరింథీ 11:28 చెప్పే పరీక్ష, అంటే ఎవరిని వాళ్ళు పరీక్షించుకోవడం, రొట్టె చేతికొచ్చాక కుదరదు, శనివారం రాత్రే కూర్చోవాలి. ఎవరితోనైనా మాటపట్టింపు ఉంటే (క్వయిర్‌లోనే ఎక్కువ ఉంటాయి!) అప్పుడే ఫోను చేయండి.

ఒంగోలు_పెద్దాయన:
ఇరవై నిమిషాలు మంచిదే గానీ, ఒక బాధ్యత దించుకోకపోతే అదీ నిలవదమ్మా. పాస్టరు గారి దగ్గరికెళ్ళి "అలసిపోయాను" అంటే ప్రార్థన చేసి పంపిస్తారు. మీ బదులు చేసేవాళ్ళ పేరూ, అప్పగించే తేదీ పట్టుకెళ్ళండి. నాలుగు ఆదివారాలు వాళ్ళు మీ పక్కన కూర్చోవాలి, ఆ తర్వాత నాలుగు మీరు వాళ్ళ పక్కన.

పనినీ విశ్వాసాన్నీ కలిపేయకూడదని మన ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారికి బాగా తెలుసు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. కూలి కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదని బాప్తిస్మాలు మటుకు నెలల తరబడి ఆపేశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారంటే, ఆ ఆపడం తర్వాతే.

కావలి_సిస్టర్:
థాంక్స్ అండీ. శుక్రవారం ఉపవాసం విడిచేటప్పటి వంట కూడా నా మీదే. ప్రార్థన జరుగుతుంటే నేను పొయ్యి దగ్గర.

గూడూరు_టీచర్:
అచ్చం లూకా 10లో మార్త పనే అది, చెల్లెలు మరియ యేసు మాటలు వింటుంటే ఆమె వడ్డన పనుల్లో పడిపోయింది. అన్నం, పప్పుచారు చాలు, రెండు కూరలూ అప్పడాలూ ఎవరడిగారు? పప్పు ఇంట్లోనే ఉడికించి తెచ్చుకుని, ఆఖరి పాట అయ్యాక బియ్యం పెట్టండి. అరగంట ఆలస్యమైతే ఉపవాసం ఉన్నవాళ్ళకి నష్టమేం లేదు. వంతులు రాసేటప్పుడు మగవాళ్ళ పేర్లూ రాయండి.