తేలికైన ఐరిష్ ఫ్లూట్: డెల్రిన్‌దా, కార్బన్ ఫైబర్‌దా?

అందరికీ నమస్కారం. ఐర్లండ్‌లోని గాల్వేలో ఉంటున్నాను. ఇక్కడి పబ్‌లలో సెషన్లు (నలుగురూ కూడి సంప్రదాయ సంగీతం వాయించే కూటాలు) విని విని ఐరిష్ ఫ్లూట్ మీద మనసు పడింది. టిన్ విజిల్ (నిలువుగా ఊదే చిన్న వేణువు) మీద జిగ్‌లు, రీల్‌లు అనే నాట్య బాణీలు కొన్ని వచ్చు కాబట్టి ఆరు రంధ్రాల వేళ్ల లెక్క కొత్తేం కాదు. సమస్యల్లా కుడి భుజం నొప్పి. ఫ్లూట్‌ని అడ్డంగా ఎత్తి పట్టుకోవాలిగా, అందుకే బరువు తక్కువది కావాలి. చెక్కది మాత్రం వద్దు. చలికాలం హీటర్ల పొడిగాలికి పగులుతుందని భయం, నూనె రాసే ఓపిక అసలే లేదు.

డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌కి ఆ బాధ లేదు. కానీ దాని సాంద్రత 1.4 దాకా ఉంటుంది, అంటే ఫ్లూట్లు చేసే బ్లాక్‌వుడ్ చెక్క కన్నా బరువే కదా! టోనీ డిక్సన్ అనే తయారీదారు పాలిమర్ (ప్లాస్టిక్) ఫ్లూట్ చవకే, మరి కింది డి స్వరం సెషన్‌లో వినపడేంత గట్టిగా పలుకుతుందా? కార్బోనీ అనే కంపెనీ వాళ్ల కార్బన్ ఫైబర్‌ది బాగా తేలికంటారు, ధర చూస్తేనే గుండె గుభేల్‌మంది.

నావి పొట్టి వేళ్లు. ప్రాటెన్ అనే పాత నమూనా తరహా పెద్ద రంధ్రాలు అందవు. రడాల్ అనే మరో పాత నమూనా తరహా చిన్న రంధ్రాలతో, కీస్ (మీటలు) లేకుండా, సింథటిక్‌లో ఎవరిది మంచిది? భుజం నొప్పి ఉండి కూడా వాయిస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఏది వాడుతున్నారో కాస్త చెప్పండి.