చర్చ: పరాయి దేశపు పల్లెల్లో మంచినీటి పథకాలు విద్యార్థులు చేపట్టవచ్చా?

గోదావరి గట్టు:
మా మేనకోడలు అమెరికాలో సివిల్ ఇంజినీరింగ్ చదువుతోంది. వచ్చే వేసవిలో ఆమె బృందం మధ్య అమెరికాలోని ఒక పల్లెకు మంచినీటి పైపులు వేయడానికి వెళ్తుందట. ఇంట్లో అందరికీ సంతోషమే, నాకే మనసొప్పడం లేదు. మన ఊరి రక్షిత మంచినీటి పథకాన్ని డిగ్రీ చేతికి రాని పిల్లలకు అప్పగిస్తే ఊరుకుంటామా?

నల్లరేగడి:
ఊరుకోం. కానీ అక్కడా అలా అప్పగించరండి. 'ఇంజినీర్స్ వితౌట్ బోర్డర్స్' అమెరికా సంస్థనే తీసుకోండి. కొలరాడో విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెర్నార్డ్ అమడే బెలీజ్ దేశంలోని శాన్ పాబ్లో అనే పల్లెకు విద్యార్థులను తీసుకెళ్లి నీటి పథకం కట్టించారు. ఆ అనుభవంతోనే 2002లో సంస్థ పుట్టింది. ఒక ఊరితో అయిదేళ్లు కలిసి పనిచేయాలని, నిర్మాణ ఖర్చులో కొంత ఊరివాళ్లు పెట్టుకోవాలని వాళ్ల నియమం. విద్యార్థుల డిజైన్లను అనుభవమున్న ఇంజినీర్లు చూస్తారు. తరగతి గదిలో ఇంత నేర్పగలరా?

బోరింగు మేస్త్రి కొడుకు:
నల్లరేగడి గారూ, కట్టడం గురించే మాట్లాడుతున్నారు. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. మన ఊళ్లలోని బోరింగు, అంటే ఇండియా మార్క్ 2 చేతిపంపు, ఆఫ్రికాలోనూ చాలాచోట్ల ఉంది. అడుగున సిలిండర్‌లో వాషర్ అరిగిందంటే మొత్తం పైపులన్నీ పైకి లాగాలి. ఆ ఇనుప పైపుల బరువు మోసినవాడికే తెలుసు. ఒకడు బిగింపు పట్టుకోవాలి, ఇద్దరు ఎత్తాలి, పట్టు జారితే పైపు బోరులోకి పోతుంది. మా నాన్న చేతుల మీద ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఆఫ్రిదేవ్ అనే మరో రకం చేతిపంపును ఊరివాళ్లే విప్పుకొని బాగుచేసుకునేలా తయారుచేసింది ఈ ఇబ్బంది తప్పించడానికే. అయినా విడిభాగం దొరకకపోతే అదీ మూలనపడుతుంది. ప్రారంభోత్సవం ఫొటోలో వాషర్ ఎక్కడా కనబడదు.

కెనడాలోని 'ఇంజినీర్స్ వితౌట్ బోర్డర్స్' సంస్థ ఈ సంగతి దాచలేదు, 2008 నుంచి తన వైఫల్యాల మీద నివేదికలు ప్రచురించింది. ఆఫ్రికా దేశమైన మలావీలో వాళ్లు జిల్లా అధికారులతో కలిసి ఏ నీటి వనరు పనిచేస్తోంది, ఏది పాడైంది అన్న వివరాలు సేకరించే పనికి మళ్లారు. విద్యార్థులకు ఇవ్వాల్సింది అలాంటి పనే. కొత్తది కట్టించవద్దు, పాడైనది ఎందుకు పాడైందో తేల్చమనండి. మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడు, అతనికి కూలి ఎవరిస్తున్నారు, సామాను ఏ బజారులో దొరుకుతుంది? ఇంజినీరింగ్ చదువుకు ఇంతకన్నా గట్టి పరీక్ష ఉందా?

నల్లరేగడి:
మీ మాట కాదనలేను. కానీ మరమ్మతుకు చందాలెవరు ఇస్తారు? 'కొత్త ట్యాంకు కడుతున్నాం' అంటే దాతలు వస్తారు, 'వాషర్లు మారుస్తున్నాం' అంటే రారు. పైగా ఒక్క చుక్క నీరు లేని ఊరికి కొత్తది కట్టక తప్పదు కదా.

బోరింగు మేస్త్రి కొడుకు:
తప్పదు. అక్కడ కూడా ఆ దేశపు మేస్త్రీ ముందు నడవాలి, వీళ్లు అతని వెనక నడవాలి. విమాన టికెట్లకు చందాలు పోగుచేయగలిగిన పిల్లలు అతని కూలికీ పోగుచేయగలరు.

గోదావరి గట్టు:
మేనకోడలికి ఈ చర్చ పంపించాను. పైపులు ఎక్కడివి, విరిగితే అక్కడ దొరుకుతాయా అని అడిగాను. కనుక్కుని చెబుతానంది.