వన్ పంచ్ మ్యాన్ రెండో సీజన్: నవ్వు ఎక్కడ పోయింది?

గుండు_బాబాయ్: ఈ వారాంతం రెండు సీజన్లూ వరసపెట్టి చూశాను. 2015లో మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసిన మొదటి సీజన్ ఎక్కడ, 2019లో జె.సి.స్టాఫ్ స్టూడియో తీసిన రెండోది ఎక్కడ! చూడనివాళ్లకి ఒక ముక్క: ఇది జపాన్ యానిమేషన్ సిరీస్, ఇందులో గుండు హీరో సైతామా ఎంత పెద్ద రాక్షసుణ్ణయినా ఒక్క గుద్దుతో లేపేస్తాడు. అదే ఆయన బాధ, బోరు కొట్టి చస్తుంటాడు. మొదటి సీజన్ చివర్లో గ్రహాంతర విలన్ బోరోస్ విరుచుకుపడుతుంటే తెర నిండా వెలుగులు, శిథిలాలు. మధ్యలో ఈయన ముఖం కోడిగుడ్డుకి రెండు చుక్కలు పెట్టినట్టు. ఎదుటివాడి బిల్డప్ అంత ఘనంగా గీశారు కాబట్టే ఆ గుడ్డుని చూస్తే నవ్వొస్తుంది. రెండోదాంట్లో బిల్డప్పే నీరసం. పైగా సైతామా శిష్యుడు, యంత్రశరీరమున్న జెనోస్ ఒంటి మీద ఆ స్టీలు మెరుపేంటి? కొత్త గిన్నెల కొట్టు ముందు నిలబడ్డట్టుంది.

చిత్తూరు_చిన్నోడు: మెరుపు నాకు నచ్చింది అన్నా 🙈

వేటగాడు: మాస్టారూ, మీ లెక్క మొదట్లోనే తప్పింది. ఈ కథ 2009లో వెబ్‌కామిక్‌గా, అంటే నెట్‌లో బొమ్మల కథగా మొదలైంది. 'వన్' అనే కలంపేరున్న రచయిత గీసిన బొమ్మలు చూశారా? స్కూల్ నోట్‌బుక్ వెనక పేజీలో గీసినట్టుంటాయి. అయినా జనం పడీపడీ నవ్వారు. చిత్రకారుడు మురాతా వచ్చి అందంగా గీయడం మొదలుపెట్టింది 2012లో. అంటే నవ్వు కథలో ఉంది, యానిమేషన్‌లో కాదు. రెండో సీజన్లో కింగ్ లేడా? లోకంలోనే గొప్ప వీరుడని అందరూ వణుకుతుంటే, నిజానికి ఇంట్లో గేములాడుకునే పిరికివాడు. అతని గుండె భయంతో కొట్టుకునే చప్పుడుని రణగర్జన అనుకుంటారు. దీనికి నవ్వు రాలేదంటే లోపం సీజన్‌లో లేదు.

గుండు_బాబాయ్: కింగ్ బాగున్నాడు, ఒప్పుకుంటా. తర్వాత? జెనోస్ మెరుపు గురించి మీరు జవాబివ్వలేదు.

వేటగాడు: మెరుపు వదిలేయండి మహాప్రభో.

కీఫ్రేమ్_కిట్టు: ఒక్క మాట. నేను హైదరాబాద్‌లో యానిమేషన్ పనిలోనే ఉన్నాను. 'నీరసంగా గీశారు' అని రాయడం చాలా సులువు. మొదటి సీజన్‌కి దర్శకుడు షింగో నత్సుమే. తన పరిచయాలతో బయటి నుంచి ఆరితేరిన యానిమేటర్లని పోగేశాడు. అలాంటి జట్టు అడిగిన ప్రతిసారీ దొరకదు. రెండోదానికి దర్శకుడు మారాడు, స్టూడియో మారింది. ఆ ఏడాది జె.సి.స్టాఫ్ చేతిలో డన్‌మాచీ రెండో సీజన్, ఫుడ్ వార్స్ నాలుగో సీజన్ అనే వేరే సిరీస్‌లు కూడా ఉన్నాయి. నేను పనిచేసిన ఒక చోట గడువు సగానికి కోసి, క్వాలిటీ తగ్గిందని మమ్మల్నే తిట్టారు. చివరికి క్రెడిట్లలో నా పేరు కూడా వేయలేదు.

గుండు_బాబాయ్: కిట్టూ, నీకు అన్యాయం జరిగింది, కాదనను. కానీ హోటల్లో సాంబారు పులిస్తే వంటవాడి జీతం అడిగి తినాలా? నేను చూసేవాణ్ణి. 2016లో రెండో సీజన్ ప్రకటించారు, 2019 ఏప్రిల్ దాకా ఎదురుచూశాను.

కీఫ్రేమ్_కిట్టు: వంటవాణ్ణి తిట్టకండి అంటున్నా, సాంబారు మెచ్చుకోమనలేదు. 'స్టూడియో' అని మీరు రాసిన ప్రతిచోటా నాకు మా టేబుళ్లే కనిపిస్తాయి.

లతా_మామిడి: మూడో సీజన్ చూశాక రెండోదే నయం అనిపించింది. నేను వెళ్తున్నా.

వేటగాడు: అసలు మీకు కావాల్సింది కొట్లాటలు, కామెడీ పేరు అడ్డం పెట్టుకుంటున్నారు. రెండో సీజన్లో కొట్లాటల టోర్నమెంట్ చూడండి. ఇంకొకడి టికెట్ మీద, విగ్గు పెట్టుకుని వెళ్తాడు సైతామా. ఫైనల్లో విగ్గు ఊడుతుంది, డిస్‌క్వాలిఫై. దీనికి బోరోస్ స్థాయి యానిమేషన్ దేనికండీ?

గుండు_బాబాయ్: విగ్గు జోకు మంచిదే. కానీ ఎన్ని ఎపిసోడ్లకి సాగదీశారు? మధ్యలో వాళ్లెవరో తన్నుకుంటుంటే సైతామా కుర్చీలో కూర్చుని మనలాగే ఆవలిస్తున్నాడు. మిగతా సగం విలన్ గ్యారో. హీరోలని వెతికి వెతికి కొడతాడు, ఉపన్యాసాలిస్తాడు. వాడు తెర మీదుంటే ఒక్కసారైనా నవ్వారా? నిజం చెప్పండి.

వేటగాడు: గ్యారో నవ్వించడానికి రాలేదు.

గుండు_బాబాయ్: మరి ఇందాకటి నుంచి నవ్వు కథలో ఉంది, కథలో ఉంది అని నా ప్రాణం తీశారే!

వేటగాడు: సరే, సూటిగా చెప్తా. చిన్నప్పుడు ఆటల్లో గ్యారోకి ఎప్పుడూ రాక్షసుడి వేషమే ఇచ్చేవాళ్లు, అందరూ ఇష్టపడే పిల్లాడే హీరో. మా వీధిలో దొంగా పోలీసు ఆడితే నేనెప్పుడూ దొంగనే. ఎందుకో నల్లగా ఉన్న నాకు వేరే చెప్పక్కర్లేదు. ఎవరో ఒకడు 'రాక్షసుడు ఒక్కసారైనా ఎందుకు గెలవకూడదు' అని అడిగితే నాకు చాలు. మీకు సైతామా కథ కావాలి, నాకు వీడి కథ కావాలి. యానిమేషన్ ఎలా ఉన్నా నేను చూసేవాణ్ణి.

చిత్తూరు_చిన్నోడు: 🙏

గుండు_బాబాయ్: ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది కదయ్యా. అయితే విను. ఒక్క గుద్దుకి అందరూ పడిపోయే లోకంలో అంత బాధ ఉన్న మనిషిని తెచ్చి పెడితే, ఆ గుద్దు ఇక జోకు కాదు. వాడి వైపు నిలబడి చూస్తే సైతామా కూడా వీధిలో ఆ హీరో పిల్లాడే అవుతాడు. నేను గుద్దు దగ్గర నవ్వడానికి వచ్చాను. ఈ సీజన్ నన్ను నవ్వనివ్వలేదు.

వేటగాడు: నవ్వనివ్వకపోవడమే దాని గొప్ప అంటాను నేను.

గుండు_బాబాయ్: అయితే దాన్ని అంత పేలవంగా గీస్తే మీ గ్యారోకే అన్యాయం. మెటల్ బ్యాట్ అనే హీరోతో వాడి పోరు మళ్లీ చూసి రండి, మాట్లాడదాం.

కీఫ్రేమ్_కిట్టు: మళ్లీ మొదలుపెట్టారా.