మయామీలో పంది కొవ్వు తగలని క్యూబన్ భోజనం ఎక్కడ దొరుకుతుంది?

వచ్చే శనివారం మధ్యాహ్నం ఆరుగురం క్యూబన్ల పేట లిటిల్ హవానాలో, కాయె ఓచో వీధి వైపు భోజనానికి వెళ్దామనుకుంటున్నాం. అత్తయ్య, మామయ్య పూర్తి శాకాహారులు. పాలు, పెరుగు ఫర్వాలేదు, గుడ్డు వద్దు. క్యూబన్ వంట రుచి చూడాలన్న సరదా మాత్రం వాళ్లదే.

చిక్కంతా బ్లాక్ బీన్స్‌తోనే. ఫోన్లో అడిగితే "మాంసం ఉండదు" అన్న చోటికి ముందుగా నేనూ మావారూ వెళ్లి చూశాం. గిన్నెలో చెంచాతో అడుగు నుంచి కలిపితే గోరంత గులాబీ రంగు హామ్ ముక్కలు పైకి వచ్చాయి. అది రుచి కోసమేనట, వాళ్ల లెక్కలో మాంసం కాదు! ఇంకోచోట బీన్స్ బాగానే ఉన్నాయి కానీ, బీన్స్, అన్నం కలిపి వండే మోరోస్‌కు బేకన్ కొవ్వుతోనే తాలింపు వేస్తామన్నారు. క్యూబన్ బ్రెడ్‌లో మామూలుగా పంది కొవ్వు పడుతుంది, కాబట్టి దాని ఆశ వదులుకున్నాం. అరటికాయ ముక్కల్ని వేయించి, అదిమి, మళ్లీ వేయించే తోస్తోనెస్ మామయ్యకు తప్పకుండా నచ్చుతాయి. అయితే అదే నూనెలో చిచర్రోన్ (కరకరలాడే పంది చర్మం ముక్కలు) కూడా వేయిస్తారేమోనని టెన్షన్. మరికొన్ని రెస్టారెంట్లకు మెయిల్ పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు. ఉడికించిన కర్రపెండలం మీద వెల్లుల్లి, పుల్ల నారింజ రసం పోసి ఇచ్చేది ఒక్కటే ధైర్యంగా తినేలా ఉంది. దాంతోనే కడుపు నిండదు కదా.

కాయె ఓచో చుట్టుపక్కల బీన్స్‌ను మాంసం, కొవ్వు లేకుండా వండి, అరటికాయలు వేయించడానికి వేరే నూనె వాడే రెస్టారెంట్, మీరు స్వయంగా అడిగి తిన్నది, ఏదైనా ఉందా?