ఇంట్లో గుర్తున్న జవాబు పరీక్ష హాల్లో ఎందుకు రావట్లేదు?

తెలంగాణ గ్రూప్-2కి ఏడు నెలలుగా చదువుతున్నాను. రోజూ ఉదయం 5 నుంచి 8 వరకు, మేడ మీద గదిలో, అదే కిటికీ పక్కన. ఆ కుర్చీలో కూర్చుని మాక్ పేపర్ రాస్తే 150కి 115 దాటుతాయి. కోచింగ్ సెంటర్ ఏసీ హాల్లో రాస్తే 90 దగ్గర ఆగిపోతున్నాను. ఇంటికొచ్చి ఆ కుర్చీలో కూర్చోగానే తప్పిన జవాబులు వాటంతట అవే గుర్తొస్తున్నాయి, అదే బాధ.

టెన్షన్ కాదనే అనుకుంటున్నాను. చెమటలు, గుండెదడ ఏమీ లేవు, నిద్ర ఏడు గంటలు. అరగంట ముందే వెళ్లి కూర్చున్నా, ముందురోజు రెండుసార్లు రివిజన్ చేసినా తేడా లేదు. రెండు వారాలు లైబ్రరీకి వెళ్లాను, కానీ అక్కడా రోజూ ఒకే సీటు.

1975లో గాడెన్, బాడ్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు డైవర్ల మీద చేసిన ప్రయోగం గురించి చదివాను. నీటి అడుగున నేర్చుకున్న పదాలు ఒడ్డున కంటే నీటిలోనే బాగా గుర్తొచ్చాయట. నాది కూడా అదేనేమో అనిపించింది. చదివిన గదిని మనసులో ఊహించుకుంటే మేలని తెలిసి హాల్లో ప్రయత్నించాను. కొన్ని జవాబులు వచ్చాయి, కానీ ఒక్కో ప్రశ్నకు రెండు నిమిషాలు పోయాయి. 150 ప్రశ్నలకు 150 నిమిషాలే కదా.

పరీక్షకు 40 రోజులుంది. ఒకే చాప్టర్‌ను వేర్వేరు చోట్ల చదివి ఈ ఇబ్బంది నుంచి బయటపడ్డవాళ్లుంటే చెప్పండి: ఎన్ని చోట్లు మార్చి చదివితే మీకు తేడా కనిపించింది?