మా ఊరి చెరువు లేక్ కిందికి వస్తుందా, రిజర్వాయర్ కిందికా?

జనమంతా కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మా మండలం చెరువులు గీస్తున్నాను, ఏ ట్యాగ్ (అది ఏ రకమో చెప్పే గుర్తు) ఎప్పుడు వాడాలో కొత్తవాళ్లకు తెలిసేలా ప్రొటెజె అనే సాఫ్ట్‌వేర్‌లో చిన్న ఆంటాలజీ (రకాలు, వాటి మధ్య సంబంధాలు కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసింది) కూడా మొదలుపెట్టాను. లేక్, రిజర్వాయర్ ఒకటి కావని రెండింటినీ డిస్‌జాయింట్ చేశాను, అంటే ఏ చెరువూ ఒకేసారి రెండూ కాకూడదని పెట్టాను. తీరా రాసినదాంట్లో పొంతన ఉందో లేదో చూసే రీజనర్ నడిపితే ఎర్రర్! చూస్తే మా ఊరి చెరువుకే ఎవరో వాటర్=లేక్ అని పెట్టారు, పాత ల్యాండ్‌యూజ్=రిజర్వాయర్ కూడా అలాగే ఉంది. కట్ట వేసి, తూము ఎత్తి పొలాలకు నీళ్లు వదిలే చెరువు నా లెక్కలో రిజర్వాయరే, కానీ ఆ మ్యాప్‌లో ఎవరికి తోచిన ట్యాగ్ వాళ్లు పెట్టుకోవచ్చు కదా, జనం రాసింది తప్పనడానికి మనసు రావట్లేదు. ఎండాకాలం ఎండిపోయే కుంటలకైతే ఇంటర్మిటెంట్=యెస్ పెడుతున్నాను, దాంతో ఇబ్బంది లేదు. ఇప్పుడు ఆ డిస్‌జాయింట్ తీసేయాలా, లేదంటే ఈ ఆంటాలజీ రాస్తున్న ఓడబ్ల్యూఎల్ భాషను పక్కన పెట్టి, పదాలను ఇంత కచ్చితంగా కాకుండా వర్గీకరించే ఎస్‌కేఓఎస్‌లో బ్రాడర్, నారోవర్ (విస్తృత అర్థం, పరిమిత అర్థం) సంబంధాలతో సరిపెట్టాలా? ఇలాంటి పని చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి, మూడు వారాలుగా ఇక్కడే ఆగిపోయాను.