వరికి బిందు సేద్యం: మిగిలే నీరు నిజంగా మిగిలినట్టేనా?

(నీటిలెక్క, గట్టుమీద, ఊటబావి అన్న మారుపేర్లతో ముగ్గురి మధ్య చర్చ)

చర్చాంశం: నీరు కట్టే పద్ధతిని వదిలి, వరిని నేరుగా విత్తి, డ్రిప్పు ద్వారా తడులు ఇవ్వడాన్ని అన్ని నేలల్లోనూ ప్రోత్సహించవచ్చా?

నీటిలెక్క: వరికి నిలువ నీరు తప్పనిసరి అన్న నమ్మకాన్ని ముందుగా పక్కన పెట్టాలి. వేళ్లలోనూ కాండంలోనూ గాలి గదులు ఉండటం వల్ల వరి నిలువ నీటిని తట్టుకోగలదు గానీ, ఆ నీరు లేనిదే పెరగలేని మొక్క కాదు. దమ్ము చేసిన, అంటే నీరు పెట్టి బురదగా దున్నిన మడిలో కిలో ధాన్యానికి వానా పారుదలా కలిపి సగటున 2,500 లీటర్లు వస్తుండగా, ఆకుల నుంచీ మడి నుంచీ ఆవిరయ్యేది దాదాపు 1,400 లీటర్లే. మిగిలినది గట్ల వెంట ఊరిపోతుంది, లేదా లోతుకు ఇంకిపోతుంది. డ్రిప్పు తగ్గించేది ప్రధానంగా ఈ భాగాన్నే. నేలకు గాలి ఆడుతుంది కనుక, నిలువ నీటి మడుల నుంచి వెలువడి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు కూడా బాగా తగ్గుతుంది.

గట్టుమీద: నిలువ నీరు చేసే పనులను మీరు లెక్కలోకి తీసుకోలేదు. కలుపును అణచేది ఆ నీరే. దాన్ని తీసేస్తే తొలి వారాల్లోనే కలుపు వరిని మించిపోతుంది. సున్నపు నేలల్లో ఇనుము అందక లేత ఆకులు పాలిపోతాయి, వేరుబుడిపె నులిపురుగులు పెరుగుతాయి, చౌడు నేలల్లో లవణాలు కిందికి దిగకుండా వేళ్ల చుట్టూనే చేరతాయి. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది పూత దశ. ఆ కొద్ది రోజుల్లో డ్రిప్పర్లు (నీరు చుక్కలుగా కారే రంధ్రాలు) పూడుకుపోయి మొక్క బెట్టకు గురైతే ఆ వరుసంతా తాలు గింజలే మిగులుతాయి.

ఊటబావి: ఇంకిన నీరు ఎక్కడికి చేరుతుందో తేల్చకుండా ఆదా గురించి మాట్లాడటం సరికాదని నా అభిప్రాయం. ఎగువ మడిలో ఇంకిన నీరు దిగువ మడికో, అదే భూగర్భజలానికో చేరి మళ్లీ వాడుకలోకి వచ్చే చోట, డ్రిప్పు వల్ల తోడే విద్యుత్తు తగ్గుతుందే తప్ప ఆ ప్రాంతపు నీరు పెద్దగా మిగలదు. మిగిలిందనుకున్న నీటితో సాగు విస్తీర్ణం పెంచితే ఆవిరయ్యే మొత్తం పెరిగి, భూగర్భజలం ఇంకా తరిగిపోతుంది. ఇంకిన నీరు ఉప్పునీటిలో కలిసిపోయే చోట మాత్రం ఆదా నిజమైనదే. బరువైన బంకనేలల్లో పైపుల ఖర్చు లేని తడిపొడి పద్ధతి ఉంది: చిల్లుల గొట్టాన్ని మడిలో పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ నీరు పెట్టి, పూత సమయంలో మాత్రం పలుచగా నీరు నిలిపితే, పారుదల నీరు 30 శాతం వరకూ తగ్గుతుంది.

నీటిలెక్క: బంకనేలల విషయంలో ఒప్పుకుంటున్నాను. అయితే పెట్టిన నీరు ఒక్క రోజైనా నిలవని తేలిక నేలల్లో తడిపొడి పద్ధతికి అర్థమే లేదు; అక్కడ వరి పండించక తప్పదనుకుంటే డ్రిప్పే దారి, అదే పైపులు తరువాతి పంటకూ పనికివస్తాయి. పూత దశ గురించి గట్టుమీద గారు చెప్పినది నిజమే కనుక, వడపోత పరికరాన్ని, పైపుల చివరలను క్రమం తప్పక శుభ్రం చేయగలవారే దీనికి దిగాలి.

ఊటబావి: అలాంటి నేలల్లో నాకు అభ్యంతరం లేదు. కానీ ప్రోత్సాహకాన్ని పరచిన పైపుల పొడవును బట్టి కాకుండా, బోరు నుంచి తోడిన నీటిని మీటరుతో కొలిచి, సాగు విస్తీర్ణం పెరగలేదని చూసిన తరువాతే ఇవ్వాలి.